వెనకబడింది గొంతు కాదు

మైకుకూ ఇంటి స్పీకర్‌కూ మధ్య సెకనులో అయిదో వంతు. పాతబస్తీ ఇళ్లలో పాటను మధ్యలోనే ఆపేస్తున్న ఆ ఆలస్యం ఎక్కడ పుడుతోంది? ఎలా పోతుంది?

ఆషాఢం తొలి శుక్రవారం. లాల్‌దర్వాజలో మా చిన్నమ్మ వాళ్ల ఇంటి మేడమీది గది. గుమ్మానికి పసుపు, మూలన కడిగి బోర్లించిన బోనం కుండ, టీవీ కింద కొత్తగా కొన్న నల్లటి సౌండ్‌బార్. చాప మీద ఆరుగురు ఆడవాళ్లు. ఇంటర్ చదువుతున్న మనుమడు పండగలకు చేతిలో పెట్టిన డబ్బులన్నీ కూడబెట్టి నాలుగు ఛానళ్ల చిన్న మిక్సర్ కొన్నాడు. నానమ్మ పాడే అమ్మవారి పాటలు మైకులో పాడించి దాచుకోవాలని వాడి కోరిక. పక్క గల్లీ నుంచి ఢోలక్ పట్టుకుని చాచా కూడా వచ్చి కూర్చున్నాడు. ఈ ఇంటి పాటలకు ముప్పై ఏళ్లుగా ఆయనదే వాయిద్యం.

మిక్సర్ వెనక వేలెడంత బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ పెట్టాడు మనుమడు. సౌండ్‌బార్ మీద నీలం దీపం వెలిగింది. తీగ లేదు, గోల లేదు. చిన్నమ్మ గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. మొదటి చరణం సగంలో ఆగింది. మళ్లీ ఎత్తుకుంది. ఈసారి రెండో మాట దగ్గరే తడబడింది.

"ఏందిరా ఇది, నా ఎనుక ఇంకెవరో పాడుతున్నట్టున్నది" అంది.

చాచా ఢోలక్ మీద అరచెయ్యి ఆనించి చప్పుడు ఆపాడు. "ఆవాజ్ పీఛే సే ఆరీ బేటా" అన్నాడు మనుమడితో.

మూడోసారి ప్రయత్నించి చిన్నమ్మ మైకు కింద పెట్టేసింది. "తాళం తప్పుతున్న బిడ్డా. వయసైపోయింది. ఇగ మీరు పాడుకోండ్రి."

ఆమెకు 68 ఏళ్లు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆమె తాళం తప్పగా విన్నవాళ్లు లేరు. అలాంటి మనిషి ఒక యంత్రం చేసిన తప్పును తన వయసు మీద వేసుకుని లేచి వెళ్లిపోతుంటే చూడలేకపోయాను. అప్పటినుంచి బంధువుల ఇళ్లలో, తెలిసినవాళ్ల ఇళ్లలో అడుగుతున్నాను. గౌలిపురలో ఒక భజన బృందం, శాలిబండలో కరోకే పాడుకునే దంపతులు, సైదాబాద్‌లో కీబోర్డు నేర్చుకుంటున్న పిల్ల... అందరి దగ్గరా అదే ఫిర్యాదు, మాటలే వేరు. 'లేట్ వస్తోంది' అనేవాళ్లు కొందరు. 'నాకు లయ కుదరట్లేదు' అనేవాళ్లు ఎక్కువమంది.

పెన్నుతో తట్టి చూశాం

ఆ రాత్రి అందరూ వెళ్లాక మనుమడూ నేనూ కూర్చున్నాం. ఆలస్యాన్ని కొలవడానికి ల్యాబులు అక్కర్లేదు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి మైకు పక్కన పెట్టాం. బాల్‌పెన్నుతో మైకు జాలీ మీద ఒక్కసారి తట్టాం. టక్. వెంటనే సౌండ్‌బార్‌లోంచి ఇంకో టక్. ఆ రికార్డింగును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి పెద్దది చేస్తే రెండు ముళ్లలాంటి గీతలు కనిపించాయి. మొదటి ముల్లు పెన్ను దెబ్బ. రెండోది స్పీకర్ పలికిన దెబ్బ. వాటి మధ్య 210 మిల్లీసెకన్లు. పదిసార్లు తట్టాం. కొంచెం అటూ ఇటూగా అదే అంకె.

మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. 210 అంటే సెకనులో అయిదో వంతు. ఇంతేనా అనిపిస్తుంది. పాటలో పెట్టి చూడండి. నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకూ దెబ్బకూ నడుమ 500 మిల్లీసెకన్లు. అందులో 210 అంటే ఇంచుమించు సగం దెబ్బ. చాచా చెయ్యి ఢోలక్ మీద పడిన చోట చిన్నమ్మ గొంతు లేదు. రెండు దెబ్బల నడుమ, ఎటూ కాని చోట వచ్చి పడుతోంది.

దీనికి పాతకాలపు పరిశోధన ఒకటి ఉంది. మనిషి మాటను కాస్త ఆలస్యం చేసి అతని చెవిలోనే వినిపిస్తే ఏమవుతుందో 1950లో అమెరికాలో బెర్నార్డ్ లీ రాశాడు. నత్తి లేనివాళ్లు నత్తిగా మాట్లాడారు. మాట నెమ్మదించింది, గొంతు పెరిగింది. మనిషిని అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టే ఆలస్యం 200 మిల్లీసెకన్ల దరిదాపుల్లో ఉంటుందని తరవాతి పరిశోధనలూ చెప్పాయి. పాడేవాళ్లకు సొంత గొంతు ఎముకల గుండా అప్పటికప్పుడు లోపలే వినిపిస్తుంది. అదే గొంతు 200 మిల్లీసెకన్ల తరవాత బయటినుంచి మళ్లీ వస్తే మెదడు దేన్ని నమ్మాలి? మా ఇంట్లో కొలిచింది 210. చిన్నమ్మ తడబడింది ముసలితనం వల్ల కాదు. ఆ చోట ఇరవై ఏళ్ల పిల్లయినా తడబడుతుంది.

నల్లా నీళ్లు, ట్యాంకరు నీళ్లు

తీగలో శబ్దం నల్లా నీళ్లలా వస్తుంది. ఇక్కడ తిప్పితే అక్కడ పడుతుంది. బ్లూటూత్ అలా కాదు, ట్యాంకరు పద్ధతి. ముందు శబ్దాన్ని ముక్కలు చేసి అంకెలుగా మారుస్తుంది. ఆ ముక్కలను నొక్కి చిన్నవి చేస్తుంది. మూటగట్టి గాలిలో పంపుతుంది. అవతలివైపు మూట విప్పి, మళ్లీ సాగదీసి, శబ్దంగా మార్చాలి. ఇంతలో ఒక మూట దారి తప్పితే? మళ్లీ పంపాలి. అంతవరకూ పాట తెగిపోకూడదు కదా. అందుకని సౌండ్‌బార్ తన లోపల కొన్ని మూటలు ఎప్పుడూ నిల్వ పెట్టుకుంటుంది. ట్యాంకరు రావడం ఆలస్యమైనా ఇంట్లో నీళ్లు ఆగకుండా మనం సంపులో నింపుకున్నట్టు. దీన్నే బఫర్ అంటారు. ఆలస్యంలో పెద్ద వాటా ఈ సంపుదే.

సంగీతం వినడానికి బ్లూటూత్‌లో వాడే మామూలు పద్ధతిలో 100 నుంచి 250 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం సర్వసాధారణం. ఇది లోపం కాదు. పాట వినేవాళ్ల కోసం చేసిన ఏర్పాటు అది. వినేవాళ్లకు పాట తెగకపోవడం ముఖ్యం, సెకనులో అయిదో వంతు ముందా వెనకా అన్నది కాదు. పాడేవాళ్ల కోసం దాన్ని ఎవరూ తయారుచేయలేదు. ఆలస్యాన్ని 40 మిల్లీసెకన్ల దరికి తగ్గించే ఆప్టెక్స్ లో లేటెన్సీ లాంటి పద్ధతులు ఉన్నాయి. కానీ పంపే పరికరం, అందుకునే పరికరం రెండూ దాన్ని అర్థం చేసుకునేవై ఉండాలి. ఒకదానికి తెలియకపోతే రెండూ పాత పద్ధతికే దిగిపోతాయి. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతిని 2020 జనవరిలో ప్రకటించారు. ఆలస్యం బాగా తగ్గుతుంది, కానీ ఇప్పటికే ఇళ్లలో ఉన్న సౌండ్‌బార్లకు అది కొత్తగా వచ్చి చేరదు.

▪ ఎంత ఆలస్యం, ఎలా వినిపిస్తుంది?

*3 మిల్లీసెకన్లు:* మీటరు దూరంలో కూర్చున్న మనిషి గొంతు మన చెవికి చేరే కాలం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది.

*30–40:* అసలు శబ్దం, దాని ప్రతిధ్వని ఇంత ఎడంలో వస్తే చెవి రెండింటినీ కలిపి ఒకటిగానే వింటుంది. 1949లో హెల్ముట్ హాస్ దీని మీదే సిద్ధాంత గ్రంథం రాశాడు. అది దాటితే రెండుగా విడిపోవడం మొదలు.

*125:* టీవీలో పెదవుల కదలికకు మాట ఇంత వెనకబడితే చూసేవాళ్లు పసిగడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో లెక్కకట్టింది. మాట ముందు వస్తే 45 చాలు, తెలిసిపోతుంది. మెరుపు తరవాతే ఉరుము వినడం మనకు అలవాటు.

*200:* మాట్లాడేవాళ్లకు మాట, పాడేవాళ్లకు పాట తప్పే చోటు.

అంగట్లో తెలియదు

ఆ సౌండ్‌బార్ కొన్నప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. మైకు పెట్టి పాడుకోవచ్చా అని అడిగాం. బ్లూటూత్ ఉండగా ఇంకేం కావాలి, తీగలెందుకు అన్నారు. సినిమా పాట పెట్టి వినిపించారు. నేల అదిరింది. అమ్మేవాళ్లు అబద్ధమాడారని నేననను. వాళ్లు పెట్టిన పరీక్షలో ఆలస్యం దొరకదు, అంతే. టీవీ తన బొమ్మను కూడా శబ్దంతోపాటు వెనక్కి జరిపి పెదవులకూ మాటకూ సరిచేస్తుంది. ఉత్త పాట వింటే అది 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా మొదలైందని ఎవరికి తెలుస్తుంది? ఆలస్యం బయటపడేది ఒక్క చోటే: శబ్దం పుట్టించే మనిషి, వినే మనిషి ఒకరే అయినప్పుడు.

కాబట్టి ఇంట్లో పాడుకోవడానికి స్పీకర్ కొనేవాళ్లు అంగట్లో పాట వినొద్దు. మైకు పెట్టించుకుని చిటిక వెయ్యండి. ఒక చిటిక రెండుగా వినిపిస్తే అది మీకు పనికిరాదు.

చప్పట్ల లెక్క

ఆలస్యం సంగతి హైదరాబాద్ వాళ్లకు కొత్తేమీ కాదు. గోల్కొండ ప్రవేశద్వారం గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తాయని బడిపిల్లలకు కూడా తెలుసు. దూరం దాదాపు కిలోమీటరని చెబుతారు. అంటే కింద కొట్టిన చప్పట్లు పైకి చేరడానికి మూడు సెకన్ల దాకా పడుతుంది. కబురు పంపడానికి ఆ మూడు సెకన్లు అడ్డు కాదు. కలిసి పాడాలంటే మాత్రం కుదరని పని.

కలిసి పాడేవాళ్లు ఎందుకు దగ్గర దగ్గరగా కూర్చుంటారో ఖవ్వాలీ చూస్తే తెలుస్తుంది. ఈ నగరంలో ఖవ్వాలీకి లోతైన వేళ్లున్నాయి. బహదూర్ షా జఫర్ కొలువులో పాడిన తాన్‌రస్ ఖాన్ తరవాతి రోజుల్లో హైదరాబాద్ చేరాడు. ఆ పరంపరలోని అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీకి 1971లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పటి వార్సీ బ్రదర్స్ ఆయన మనుమలే. వాళ్ల కచేరీలో ముందు వరస గాయకులకూ వెనక చప్పట్లు కొట్టేవాళ్లకూ మధ్య మోకాలంత ఎడం కూడా ఉండదు. ఆ చప్పట్లే తాళం. మీటరు దూరానికి మూడు మిల్లీసెకన్లు, అంతకు మించి గాలి వాళ్లను ఆలస్యం చేయదు. పాతబస్తీ పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఒకే ఢోలక్ చుట్టూ మూగి పాడుకునే 'ఢోలక్ కే గీత్'లోనూ అంతే, భుజానికి భుజం తగలాలి.

ఈ చప్పట్లనే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం పరీక్షకు పెట్టింది. ఇద్దరిని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి, ఒకరి చప్పట్లు ఒకరికి హెడ్‌ఫోన్లలో వినిపిస్తూ మధ్యలో 3 నుంచి 78 మిల్లీసెకన్ల దాకా ఆలస్యం కలిపారు. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. పది నుంచి ఇరవై మిల్లీసెకన్ల మధ్య జంటలు నిలకడగా కొట్టాయి. అంతకంటే తగ్గితే లయ తెలియకుండానే పరుగెత్తింది. పెరిగితే ఒకరి కోసం ఒకరు ఆగుతూ ఆగుతూ నడక ఈడ్చుకుపోయింది. 66 దాటాక అసలు పొంతన కుదరలేదు. నాకు ఇందులో నచ్చిన సంగతి, ఆలస్యం బొత్తిగా లేకపోవడమూ మనకు సహజం కాదు. కొన్ని మీటర్ల దూరంలో ఎదురెదురుగా కూర్చున్నప్పుడు గాలి చేసే ఆలస్యానికే మన చెవులు అలవాటుపడ్డాయి. ఇంట్లో పాటకు 20 మిల్లీసెకన్ల లోపు చాలు. దాని కోసం వేలు పొయ్యక్కర్లేదు.

కోఠి గుజరాతీ గల్లీ

మర్నాడు మిక్సర్‌ను సంచీలో పెట్టుకుని మనుమడూ నేనూ నయాపూల్ దాటి కోఠి వెళ్లాం. ఆంప్లిఫయర్ బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్ కోన్లు, కట్టలు కట్టలుగా తీగలు దొరికే గుజరాతీ గల్లీ అది. ఒక మడిగెలో పిన్నులు అతికే పెద్దాయన మా కథంతా విని ఒక్కటే అడిగాడు: "మిక్సర్ వెనక రంధ్రం ఏది? చూపించు."

మేం తీసుకెళ్లిన తీగ చూసి తల అడ్డంగా ఊపాడు. ఒకవైపు పెద్ద స్టీరియో పిన్ను, ఇంకోవైపు హెడ్‌ఫోన్‌లకు ఉండే సన్న పిన్ను. మిక్సర్ ప్రధాన అవుట్‌పుట్ రంధ్రం చూడటానికి స్టీరియోలా ఉంటుంది కానీ స్టీరియో కాదు. ఒకే శబ్దాన్ని రెండు తీగల్లో, ఒకదాంట్లో నిటారుగా, రెండోదాంట్లో తలకిందులుగా పంపే ఏర్పాటది. దాన్ని స్టీరియో తీగతో ఇంటి స్పీకర్‌కు కలిపితే ఎడమవైపు పాట, కుడివైపు దాని తలకిందుల పాట వస్తాయి. రెండూ కలిసిన చోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గొంతు పీలగా, దూరంగా వినిపిస్తుంది. కొత్త మిక్సర్ 'బాగాలేదు' అని వాపసు ఇచ్చేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదేనని ఆయన చెప్పాడు.

ఆయన రెండు మోనో పిన్నులు, రెండు ఆర్‌సీఏ పిన్నులు తీసి, రాగి అల్లిక ఉన్న తీగ మూడు మీటర్లు కొలిచి కోశాడు. అల్లికను విప్పి, మెలిపెట్టి, సీసం కరిగించి అంటించాడు. ఊది చల్లార్చి, మీటరు పెట్టి బీప్ విని, చేతికిచ్చాడు. పది నిమిషాలు పట్టలేదు. తీగకూ పనికీ కలిపి 260 రూపాయలు.

ఇంటికొచ్చి సౌండ్‌బార్ వెనక ఆక్స్ రంధ్రంలో, చిన్న మార్పు పిన్ను వేసి గుచ్చాం. మళ్లీ పెన్నుతో తట్టాం. 210 కాస్తా 46కు దిగింది. ఇంకా 46 ఎందుకు? తీగలో వచ్చిన శబ్దాన్ని కూడా సౌండ్‌బార్ తన లోపల అంకెలుగా మార్చి, సరౌండ్ అనీ, మాటల స్పష్టత అనీ వండి వడ్డిస్తోంది. రిమోట్‌లో ఆ హంగులన్నీ ఒక్కొక్కటే ఆపేశాం. లిప్‌సింక్ అని ఇంకో అమరిక ఉంది, దాన్ని సున్నాకు తెచ్చాం. 27.

అప్పుడు చిన్నమ్మే అంది, "అటక మీద మీ చిన్నాయన పెట్టె ఉన్నది గదా" అని.

చిన్నాయన పోయి తొమ్మిదేళ్లు. ఆయన ఇదే గుజరాతీ గల్లీలో విడిభాగాలు కొని కట్టించుకున్న ఆంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్ పెట్టెలు. దుమ్ము దులిపి, తీగ గుచ్చి, మీట వేశాం. కాసేపు బుర్రుమంది. తరవాత సర్దుకుంది. పెన్నుతో తట్టాం. తెర మీద రెండు ముళ్లు అంటుకున్నట్టే ఉన్నాయి. 6 మిల్లీసెకన్లు. ఆ ఆరూ పెట్టెవి కావు. స్పీకర్ మైకుకు రెండు మీటర్ల దూరంలో ఉంది, అంత దూరానికి గాలి తీసుకున్న సమయమే అది. పెట్టెను దగ్గరికి జరిపితే అదీ తగ్గింది. సొంతంగా ఆలోచించే చిప్పు ఏదీ లేని ఆ పాత పెట్టె, వచ్చిన శబ్దాన్ని వచ్చినట్టే పెద్దది చేసి వదిలింది.

▪ తీగ గుచ్చేముందు

మిక్సర్ నుంచి వచ్చే శబ్దం బలం ఇంటి స్పీకర్లు అనుకునేదానికంటే దాదాపు 12 డెసిబెల్స్ ఎక్కువ. ప్రధాన మీటను కింది నుంచి మెల్లగా పైకి తీసుకురండి. వెనక 'టేప్ అవుట్' లేదా 'రికార్డ్ అవుట్' అని ఆర్‌సీఏ రంధ్రాలు ఉంటే అవి ఇంటి పరికరాలకు సరిపోతాయి.

తీగ పెట్టాక సన్నగా 'హమ్' వినిపిస్తే అది కరెంటు 50 హెర్ట్జ్ హోరు. మిక్సర్, ఆంప్లిఫయర్ రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. అప్పటికీ పోకపోతే మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ పెట్టాలి. శబ్దం పోతుందని ప్లగ్గు మూడో పిన్ను తీసేసేవాళ్లున్నారు. మైకు పట్టుకున్న మనిషికి షాక్ కొట్టొచ్చు. ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు.

మైకు మూతి స్పీకర్‌ను చూడకూడదు. చూస్తే కూత పెడుతుంది.

పాటే మిక్సర్‌లోకి రావాలి

కరోకే పాడుకునేవాళ్లు చేసే పొరపాటు ఇంకోటి ఉంది. టీవీలో యూట్యూబ్ పెట్టి పాట వేస్తారు. ఆ పాట సౌండ్‌బార్‌లో మోగుతుంటుంది. మైకును కూడా ఎలాగోలా ఆ సౌండ్‌బార్‌లోకే పంపుతారు. దాంతో గొంతు టీవీ దారి పట్టి, ఆ దారిలోని సంపులన్నీ దాటి బయటికి వస్తుంది. శాలిబండ దంపతుల ఇంట్లో జరుగుతున్నది ఇదే. మైకు మిక్సర్‌లోకి, మిక్సర్ టీవీలోకి, టీవీ నుంచి హెచ్‌డీఎంఐ తీగలో సౌండ్‌బార్‌కు. తీగలే వాడారు, అయినా టీవీ ఒకసారి, సౌండ్‌బార్ ఇంకోసారి వండాయి.

దారి తిప్పాలి. గొంతు టీవీ దగ్గరికి పోకూడదు, పాటే టీవీ నుంచో ఫోన్ నుంచో మిక్సర్‌కు రావాలి. రెండూ అక్కడ కలిసి, తీగలో ఆంప్లిఫయర్‌కు పోవాలి. ఫోన్‌లో పాట మిక్సర్‌కు బ్లూటూత్‌లో వచ్చినా ఫరవాలేదు! పాట 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చినా, పాడేవాళ్లు విన్నప్పుడే దానికి గొంతు కలుపుతారు కాబట్టి ఆ ఆలస్యం ఎవరికీ తగలదు. తెర మీద సాహిత్యం రంగు మారడం కాస్త ముందు జరగొచ్చు, అంతే. తీగ తప్పనిసరిగా కావలసింది ఒక్క గొంతు దారికే. శాలిబండలో ఆ ఇంటికి వెళ్లి తీగలు రెండు అటూ ఇటూ మార్చాం. కొత్తగా ఏమీ కొనలేదు. ఆ రోజు ఆ భార్యాభర్తలు పదకొండు యుగళగీతాలు పాడారు.

తొలినాటి కరోకే కూడా ఇలాగే ఉండేది. 1971లో జపాన్‌లోని కోబె నగరంలో దైసుకె ఇనోవె అనే సంగీతకారుడు తయారుచేసిన పెట్టెలో టేపూ, మైకూ, ఆంప్లిఫయరూ ఒక్కచోటే ఉండేవి. పాటా గొంతూ తీగలోనే కలిసేవి.

మిక్సర్‌ను కంప్యూటర్‌కు యూఎస్‌బీతో కలిపేవాళ్లకు మళ్లీ సంపు లెక్కే. సెకనుకు 48,000 నమూనాల వేగంలో బఫర్ 1024 ఉంటే 21 మిల్లీసెకన్లు, 256 ఉంటే 5. శబ్దం లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఇంకోసారి ఆగుతుంది కాబట్టి రెండింతలు వేసుకోవాలి. విండోస్‌లో కంపెనీ ఇచ్చిన ఆసియో డ్రైవర్ వేసి బఫర్ తగ్గించండి. పటపటమని చప్పుడు వస్తే ఒక మెట్టు పెంచండి. అసలు పాడేటప్పుడు సొంత గొంతును కంప్యూటర్ నుంచి వినకుండా మిక్సర్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే వింటే ఈ లెక్కతో పనే లేదు. సైదాబాద్ పిల్లకు ఆ ఒక్క మార్పే సరిపోయింది.

తీగకు అందని చోటు

గౌలిపుర భజన బృందంలో ఒక పెద్దావిడ డాలస్‌లో ఉన్న మనుమరాలితో వీడియో కాల్‌లో కలిసి పాడాలని ఏడాదిగా ప్రయత్నిస్తోంది. కుదరట్లేదని ఆమె బాధ. ఆమెకు నేను చెప్పగలిగింది ఒక్కటే: అమ్మా, అది ఎవరి వల్లా కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి డాలస్ సుమారు 14 వేల కిలోమీటర్లు. తిన్నగా గీత గీసినట్టు తీగ వేసినా పోవడానికే 70 మిల్లీసెకన్లు, రావడానికి ఇంకో 70. అసలు దారి ఎన్నో వంకరలు, మధ్యలో ఎన్నో సంపులు. ఒకరు పాడి ఆపాక ఇంకొకరు ఎత్తుకోవడం ఒక్కటే దారి. వాళ్లిద్దరూ ఇప్పుడు చరణం ఆమెది, పల్లవి పిల్లది అని పంచుకున్నారు.

గోడకు అవతలివాళ్లు

పాతబస్తీలో ఇంటికీ ఇంటికీ గోడ ఒకటే. ఆలస్యం ఉన్న చోట జనం చేసే మొదటి పని వాల్యూమ్ పెంచడం. తన గొంతు తనకు అందకపోతే పాడే మనిషి కూడా గట్టిగా పాడతాడు. అది బెర్నార్డ్ లీ చూసిన సంగతే. ఊరేగింపుల్లో డీజేలను హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరు 1న నిషేధించారు. ఆ చర్చ వీధి గురించి. ఇంటి గురించి 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు అప్పటికే ఉన్నాయి: నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. చిన్నాయన పెట్టె మీద మీట మూడో గీత దాటించకుండానే ఆ గదిలో ఆరుగురి పాట నిండుగా వినిపించింది. అవతలి గోడ వాళ్లను అడిగాను. వినపడిందన్నారు, ఇబ్బంది లేదన్నారు.

రెండో శుక్రవారం చాచా మళ్లీ వచ్చాడు. చిన్నమ్మ మైకు ముట్టుకోనంది. "ఏక్ బార్ బెహన్, బస్ ఏక్" అన్నాడు చాచా. మనుమడు మైకు ఆమె చేతిలో పెట్టకుండా స్టాండుకు బిగించి ముందు నిలబెట్టాడు. ఆమె కళ్లు మూసుకుని ఎత్తుకుంది. మొదటి చరణం, రెండోది, మూడోది. ఢోలక్ ఎక్కడా ఆగలేదు. మనుమడు 14 పాటలు రికార్డు చేశాడు. అందులో ఏడు మా ఇంట్లో ఇంకెవరికీ రావు.

మీ ఇంట్లో ఎవరైనా పెద్దవాళ్లు పాడుతూ పాడుతూ మైకు కింద పెట్టి 'ఇక నా వల్ల కాదు' అంటే, సరేనని తీసి పక్కన పెట్టకండి. ముందు ఒక పెన్ను తీసి ఆ మైకు మీద తట్టి వినండి.